షోలాపూర్ మీద పోయే విమానం

చౌటుప్పల్,
కార్తీక మాసం, 1957.

ఇందుమూలముగా షోలాపూర్‌లో ఉన్న ఆండాళమ్మ గారికీ, ఆమెకు ఈ ఉత్తరం చదివి వినిపించే మా బామ్మర్ది దశరథకూ, వినబడితే ఆ వాడకట్టు వారందరికీ తెలియజేయడమైనది ఏమనగా: మన ఇంటి ఎర్ర కోడిపుంజు గారు నిన్నటి నుంచి కూత మానివేసినారు. కారణం అడిగితే చెప్పడం లేదు. పిల్లి గారు పాల ఉట్టి మీద తమ పాత హక్కును తిరిగి స్థాపించుకున్నారు. పెద్ద గంజు మూత మాయమైన విషయమై విచారణ నడుస్తున్నది. పక్కింటి ఉప్పలమ్మ వదిన మీద అనుమానం ఉన్నది గాని సాక్ష్యం లేదు. అందరూ గమనించవలెను.

దండోరా అయిపోయింది. ఇక్కడ నేనూ మగ్గమూ క్షేమం. ఇద్దరిలో మగ్గమే కొంచెం నయం. అక్కడ నువ్వు, దశరథ, బాలింత చెల్లెలు, పసివాడు అందరూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

దశరథ చేత రాయించిన నీ ఉత్తరం అందింది. బామ్మర్దీ, నీ రాత ఎడమ నుంచి చదవాలో కుడి నుంచి చదవాలో తెలియక చాలాసేపు తిప్పి తిప్పి చూశాను. ఉర్దూ బడి నిన్ను విడిచినా నువ్వు దాన్ని విడిచేటట్టు లేవు.

ఆండాళూ, నువ్వు అడిగినవాటికి జవాబులు. వాన కారిన మూలకు పెంకులు మార్పించాను. మేక ఈనింది. రెండు పిల్లలు. ఒకటి అచ్చం నా పోలిక, ఎవరి మాటా వినదు. తిండి సంగతి అడిగావు. ఉప్పలమ్మ వదిన పూటకింత జొన్నరొట్టె పంపుతున్నది. ఆ రొట్టె చేతిలో పట్టుకొని నడిస్తే కుక్కలు దారి ఇస్తున్నాయి. అయినా తింటున్నాను. ఆమె వాకిట్లో నిలబడి తినేదాకా కదలదు.

రామచంద్రయ్య సావుకారి రుమాళ్లు ఏమైనాయని అడిగావు. ఒక వరుస పిట్టలు, ఒక వరుస విమానాలు పెట్టి నేయమన్నాడు గదా. మన పని నీకు నేను చెప్పేదేముంది. నూలుకు ముందే కట్లు కట్టి రంగులో ముంచుతాం. కట్టు ఉన్నచోట తెలుపు నిలుస్తుంది. నేసేటప్పుడు పోగు కొంచెం జరిగినా బొమ్మ చెదురుతుంది. నా చేతిలో ఎప్పుడూ జరగనిది ఈసారి జరిగింది. విమానాల రెక్కలన్నీ వంగి వచ్చాయి. సావుకారు బట్టను వెలుగుకు పట్టి చూశాడు.

"ఏం గండయ్యా, గివి విమానాలా, గద్దలా?"

"విమానాలే సావుకారూ. జర అలిసిపోయినయ్."

"నీ నోరు పాడుగాను. గిరాకికి ఏమని చెప్పాలె నేను?"

"పైకి పోయేటివి ఏవైతేనేందని చెప్పు."

నవ్వబోయి ఆగిపోయాడు. నా దిక్కు చూడకుండా రుమాళ్లు మడిచి చంకన పెట్టుకున్నాడు. తప్పు పట్టకుండా అన్నీ తీసుకొని పోయాడు. నన్ను తిట్టి పోతే బాగుండేది.

మన రాజమణి ఉంటే, మొదటి రెక్క వంగినప్పుడే పట్టుకునేది. ఎనిమిదేళ్ల పిల్లకు ఆ కళ్లు ఎక్కడివో. తెల్లవారి వీధిలో పడుగు చాపి గంజి పెడుతుంటే, పోగులు పట్టుకోమని దాన్ని నిలబెట్టేవాణ్ని. దాని చూపు నూలు మీద ఎన్నడు నిలిచింది గనుక! కొంగలు వరుస కట్టి పోతే వాటితో పోయేది. విమానం పోతే మెడ వెనక్కి విరుచుకొని నిలబడేది.

"నాయినా, విమానం రెక్కలెందుకు కొట్టది?"

"లోపల ఒకడు కూసోని మనం మగ్గం తొక్కినట్టు తొక్కుతడు బిడ్డా. గా మోత గదే."

"మరి గద్ద సుత రెక్క కొట్టకుంటనే తిరుగుతాంది గదా. దాన్ని ఎవలు తొక్కుతుండ్రు?"

"దేవుడు."

"దేవుడు తొక్కితే మోత రాదా?"

ఊరందరి నోరూ మూయించిన నా నోరు మూయించింది ఆ ఒక్కతే. ఒకనాడు గంజి కాగుతుంటే, కుండ మీది ఆవిరికి దూదిపింజ ఒకటి తేలి చుట్టు తిరిగింది. "అగో నాయినా, గద్ద!" అని చప్పట్లు కొట్టింది. అప్పుడు పైకి చూశాను. నిజమే, మండే ఎండలో గద్ద కూడా అట్లాగే, ఏ కష్టమూ లేకుండా గాలి మీద పడుకొని ఉంది.

రంగులకు పట్నం పోయినప్పుడు దాన్ని వెంట తీసుకుపోయి, బేగంపేటలో కంచె బయట నిలబెట్టి, విమానం దిగేది చూపించాను. సంతోషపడుతుందనుకున్నాను. మూతి ముడుచుకుంది. "గిదేంది నాయినా, దిగేటందుకు గింత జాగా కావాల్నా? దిగినంక సుత ఉరుకుతనే ఉన్నది. పిట్టకు గింత కొమ్మ చాలు" అన్నది. పక్కనున్న సిపాయి నవ్వాడు. బస్సులో దారి పొడుగునా దాని ఫికరు ఒక్కటే, రాత్రి విమానం గూట్లో ఒంటరిగా పడుకుంటుందా, తోడెవరన్నా ఉంటారా అని.

ఇంతసేపూ నీ ఉత్తరంలోని చివరి మాట దగ్గరికి రాకుండా తిరుగుతున్నాను. నువ్వు కనిపెట్టే ఉంటావు.

నువ్వు బాలింత చెల్లెలికి చేయడానికి పోయి ఉన్నప్పుడు, శ్రావణంలో, ఊళ్లోకి కలరా గత్తర వచ్చింది. పొద్దున పట్టుకొని దీపాలు పెట్టేలోపు పిల్లను తీసుకుపోయింది. టెలిగ్రాం అంది నువ్వు వచ్చేసరికి మన్ను కూడా కప్పినాము. గడపలోనే నా అంగీ పట్టుకొని అడిగావు. "నన్ను అడిగిందా? నా కోసం ఏడ్చిందా?" ఏడవలేదని చెప్పాను. పైన విమానం పోతుంటే చూసి నవ్విందని, "నాయినా, నేను గా విమానం ఎక్కి అమ్మ ఉన్న ఊరు మీదికెల్లి పోత" అన్నదని, అట్లాగే కన్ను మూసిందని చెప్పాను. నువ్వు నా అంగీ విడిచిపెట్టావు. అప్పటికి అదే చాలనుకున్నాను. దినాలు కాగానే నువ్వు మళ్లీ షోలాపూర్ పోయావు.

ఇప్పుడు నువ్వు రాయించిన మాట ఇది: "అది చూసిన విమానం ఏ యాళ్లకు పోయింది? ఈడ బొంబాయి విమానం పొద్దు నెత్తికెక్కినంక పోతాంది. దినాం మిద్దె మీద నిలబడుతున్న. నేను ఇంటికొస్తే, బిడ్డ ఈడికి వచ్చి చూసి, అమ్మ లేదని పోతది. నన్ను రమ్మనకు."

దాని కింద, నీకు చెప్పకుండా, దశరథ సందులో రాసిన మాట ఇంకొకటి ఉంది. "బావా, అక్క ఎండల నిలబడి కండ్లు తిరిగి పడ్డది. అన్నం ముట్టుత లేదు. నువ్వు చెప్తేనే ఇంటది." వాణ్ని తిట్టకు. తమ్ముడైనందుకు రాశాడు.

మొదట నా గుణం కొద్దీ వేరే ఉత్తరం రాశాను. సర్కారువారు విమానం దారి మార్చారని, ఇకనుంచి షోలాపూర్ మీద పోదని, చౌటుప్పల్ మీదుగా పోతుందని. పెద్ద అధికారి పేరు ఒకటి కూడా పుట్టించాను. బాగా కుదిరింది. నువ్వు నమ్మేదానివి. మరునాడే బస్సు దిగేదానివి. మన వాకిట్లో నిలబడి మళ్లీ పైకే చూసేదానివి. చింపేశాను.

ఆండాళూ, విమానం కిందికి చూడదు. గద్ద చూస్తుంది, ఏ గంప కింద కోడిపిల్ల ఉందో దానికి తెలుసు. కొంగ పొద్దుగూకితే తాను లేచిన చెట్టుకే వస్తుంది. పిచ్చుక కూడా నువ్వు చేట పట్టుకొని వాకిట్లోకి వస్తే గుర్తుపట్టి దిగుతుంది. విమానానికి లేచే చోటు ఒకటి, దిగే చోటు ఒకటి. నడుమ ఏ మిద్దె మీద ఎవరు నిలబడ్డారో దానికి పట్టదు. చెయ్యి ఊపితే ఆగదు, పిలిస్తే వినబడదు. అందులో కూర్చున్నవాళ్లకు మనం నూలు మీద కట్టంత కూడా కనబడం. అంత ఎండలో దాని కోసం నిలబడకు. ఇంటికి రా. దశరథ తోలుకొస్తే సరే. లేదంటే ఉత్తరం రాయించు, నేనే వస్తాను. నేను చెయ్యగలిగిన వంట అంటూ లేదుగాని, నువ్వు తినేదాకా ఉప్పలమ్మ వదినలాగా కదలకుండా నిలబడగలను.

ఇట్లా చెబితే నువ్వు వినవని తెలుసు. "బిడ్డ మాట ఇచ్చింది గదా" అంటావు.

బామ్మర్దీ, ఇక్కడి నుంచి మెల్లగా చదువు. నీకు దాచాలనిపిస్తుంది. దాచకు. ఆమె ఏడిస్తే ఏడవనీ, ఆపకు. నన్ను తిడితే తిట్టనీ.

ఆ దినం పొద్దటి నుంచి ముసురు. ఎండ ముఖం చూడలేదు. ఉప్పలమ్మ వదిన పిల్ల కాళ్లు రుద్దుతున్నది. తల నా ఒళ్లో ఉంది. గొంతు పోయి గుసగుసగా మాట్లాడుతున్నది.

"అమ్మ ఏది నాయినా?"

"వస్తాంది బిడ్డా. రైలు దిగింది."

కాసేపటికి మళ్లీ అడిగింది.

"బస్సు దిగింది. చెరువు కట్ట మీదికెల్లి వస్తాంది."

మళ్లీ అడిగింది.

"అగో, వాకిట్ల కాళ్లు కడుక్కుంటాంది. చెంబు సప్పుడు ఇనబడ్తలేదా?"

వినబడుతున్నదని తల ఊపింది. తలుపు దిక్కు తిరిగింది. అట్లాగే చూస్తూ ఉంది. నువ్వు వస్తున్నావనే నమ్మింది.

నిన్నే అడిగింది ఆండాళూ. ఇంకేదీ అడగలేదు. ఆ మాట చెబితే నువ్వు గడపలోనే పడిపోతావని భయపడ్డాను. నీ ముఖం చూసి, నోటికి వచ్చింది చెప్పాను. పిల్ల విమానం చూడలేదు, నవ్వలేదు, ఎక్కి పోతానని అనలేదు. ఆ దినం మన ఊరి మీద ఏ విమానమూ పోలేదు. అది మొత్తం నేను కల్పించిందే.

ఇట్లు,
రాజమణి నాయిన