జీవితాంతం అన్న మాట

ఫిబ్రవరి 6

ఈరోజు డబ్బింగ్ స్టూడియో నుంచి మళ్ళీ వెనక్కి పంపేశారు. హీరోయిన్ పెదవులు మూసుకున్నాక నా మాట పూర్తవుతోందట. సౌండ్ ఇంజనీరు మంచివాడు, జలుబు చేసిందా అక్కా అని అడిగాడు. చేసిందన్నాను. జలుబు కాదు, మాత్ర. నాలుక నోట్లో తడిగుడ్డలా పడి ఉంటుంది.

ఏళ్ళ కిందట ఇదే స్టూడియోలో, హెడ్‌ఫోన్స్‌లోంచి ఎవరో నన్ను పేరు పెట్టి తిడుతున్నారని వైర్లన్నీ పీకేశాను. అది జబ్బే, కాదనను. కానీ ఆ గొంతులు ఆగిపోయి కూడా ఏళ్ళయింది. మందు ఎప్పటికి ఆపచ్చని అడిగితే పెద్ద డాక్టరు నా వైపు చూడకుండా అన్నయ్యకు చెప్పారు, జీవితాంతం వాడాలని. పక్కనున్న స్టూడెంట్లకేమో, బాగయ్యాం అనుకునేవాళ్ళకే మళ్ళీ తిరగబెడుతుందని. నేను అక్కడే ఉన్నాను. కుర్చీలో. మనిషిలాగే.

ఫిబ్రవరి 7

ఆ పెద్ద డాక్టర్ని వదలను.

ఫిబ్రవరి 20

అన్నయ్యకు చెప్పకుండా వేరే ఆస్పత్రిలో చిన్న డాక్టరమ్మను కలిశాను. ఆవిడ నన్ను చూసి మాట్లాడింది. ఈ విషయంలో డాక్టర్లలోనే ఒక్క మాట లేదట. ఎప్పటికీ ఆపొద్దని కొందరు, మెల్లగా తగ్గించి చూడాలని కొందరు. ఎవరికి తిరగబెడుతుందో ముందే చెప్పే టెస్టు లేదట. ఆపితే రిస్కు ఎక్కువే, నీతో అబద్ధం ఆడను అంది. నెలల తరబడి తగ్గిద్దాం, నిద్ర చెడితే వెంటనే ఫోన్ చెయ్యి అంది. సరేనన్నాను.

ఏప్రిల్ 11

ఏడుపు సీను ఒకే టేకులో ఓకే. అద్దం అవతల నుంచి ఇంజనీరు బొటనవేలు ఎత్తి చూపించాడు. బయటకొచ్చాక నాకూ ఏడుపొచ్చింది. అది నా సొంతం.

అన్నయ్య ఇంకా రోజూ నోరు తెరిపించి, నాలుక ఎత్తమంటున్నాడు. నోరు చూస్తాడు గానీ మాత్ర చిన్నదైందని చూడడు. వాడి వంతు తర్వాత.

మే 2

డాక్టరమ్మ ఫోన్. సైకియాట్రిస్టుల మీటింగ్ ఉందట. కోలుకున్నాక మందు ఆపాలా వద్దా అని చర్చ. పేషెంటుగా నన్ను మాట్లాడమంది. పెద్ద డాక్టరు వస్తారా అని అడిగాను. అధ్యక్షుడే ఆయనట.

ఇంత సంతోషం ఈ మధ్య ఎరగను.

మే 9

మీటింగ్ రోజుకు నా మందు సున్నా కావాలి. ఇంకా కొంచెం వేసుకుంటున్నానంటే ఆయన నవ్వుతాడు. డాక్టరమ్మకు చెప్పకుండా మిగతాదీ మానేశాను.

మే 15

నిద్ర పట్టట్లేదు. పర్లేదు, స్పీచ్ బాగా వస్తోంది. అద్దం ముందు నిలబడి ఆయన్ని కడిగేస్తున్నాను.

మే 18

కింద షెడ్డులో మెకానిక్ బండి స్టార్ట్ చేస్తూ నా గురించే ఏదో అన్నాడు. అనలేదేమో.

మే 21

హాలు నిండా డాక్టర్లు. పేషెంటు పూర్తిగా కోలుకుని, మందు ఆపమని అడిగితే ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమన్నారు. వెనక వరసల్లో కొన్ని చేతులు లేచాయి. పెద్ద డాక్టరు చేతులు కట్టుకుని కూర్చున్నారు.

అంతా అనేశాను. నాలుక గురించి. మనిషి ఎదురుగా ఉండగానే, ఆ మనిషి గురించి పక్కవాళ్ళతో మాట్లాడేవాళ్ళ గురించి. ఇప్పుడు మాత్ర లేకుండానే మీ ముందు నిలబడ్డానన్నాను. డాక్టరమ్మ ముఖం పాలిపోయింది.

పెద్ద డాక్టరు మొదటిసారి నా వైపే చూశారు. నిద్రపోతున్నావా అమ్మా, అని మాత్రం అడిగారు.

ఒళ్ళు మండిపోయింది. నాకు నిద్ర లేదని అంతమందిలో పట్టుకున్నది ఆయనొక్కడే. బ్యాగులోంచి పాత డోసు మాత్ర తీసి ఆయన ముందు బల్ల మీద పెట్టాను. ఇది మీరెప్పుడైనా వేసుకున్నారా సార్, ఒక్కటి వేసుకుని మర్నాడు ఓపీ చూడండి అన్నాను. కొందరు నవ్వారు. ఆయన నవ్వలేదు. మాత్ర జేబులో వేసుకున్నారు.

బయటకొచ్చాక డాక్టరమ్మకు మొత్తం చెప్పేశాను, మెకానిక్ సంగతి కూడా. తిట్టలేదు. మందు మళ్ళీ ఒక మెట్టు పెంచాలి, మొదటి డోసుకు పోనక్కర్లేదు అంది.

జూన్ 4

నిద్ర పడుతోంది. మెకానిక్ బండి గురించే మాట్లాడుతున్నాడు.

అన్నయ్యకు అంతా చెప్పి, ఇక నోరు తెరిచి చూపించనన్నాను. తెరవకపోతే అన్నమెలా తింటావన్నాడు. నేను నవ్వలేదు. కాసేపటికి వాడే తల దించుకున్నాడు.

పెద్ద డాక్టరు చెప్పింది సగం నిజమైంది. ఆ సగమే మింగుడు పడట్లేదు.

జూన్ 12

ఫోన్. పెద్ద డాక్టరు భార్య. నిన్న పడుకునే ముందు ఏదో మాత్ర మింగారట. పొద్దున చొక్కా గుండీలు పెట్టుకోవడానికి కూడా ఆవిడ్నే పిలిచారట. ఓపీ మానేశారట. మీతో మాట్లాడాలంటున్నారు, ఇవ్వనా అని అడిగింది.

ఇవ్వమన్నాను.

అమ్మా అని ఆయన మొదలుపెట్టిన మాట, నాలుక తిరగక మధ్యలోనే ముద్దయిపోయింది. నేను సాయం చెయ్యలేదు.