చీమలు పట్టిన కంప్యూటర్

కోస్గి,
ఏప్రిల్ 1998.

మన అమీనా అబ్బాకు మీ తాహేరా సలాం. అల్లా దయవల్ల ఇక్కడ మేమంతా బాగున్నాం. మీరు నందికొండలో వేళకు తింటున్నారని, కాలువల వెంట తిరిగేటప్పుడు నెత్తికి తువ్వాల చుట్టుకుంటున్నారని అనుకుంటాను. 'అంతా' అని రాసేటప్పుడు కలం కాస్త ఆగింది. ఎందుకో తరువాత చెబుతాను.

మీ ఉత్తరం అందింది. అబ్బో, ఏం కోపం! ముందు మీరు అడిగినవాటికి జవాబులు. మీ ఆఫీసువాళ్లిచ్చిన మడత కంప్యూటర్ మీద చాయ్ పడిందని తెలియగానే ప్లగ్గు పీకేశాను. బ్యాటరీ తీశాను, ఎలా తీయాలో మీరే కదా చూపించారు. మూత తెరిచి మీ పాత లుంగీ మీద బోర్లించాను. మళ్ళీ ఆన్ చేయలేదు. పక్కింటి కృష్ణమ్మ వచ్చి, "మిద్దె మీద మిరపకాయలు ఎండబోసిన. గవాటి పక్కకే జర ఎండకు పెట్టరాదూ, గడియల ఆరిపోతది" అంది. పెట్టలేదు. నాకూ కాస్త బుద్ధి ఉంది మహాశయా.

మా తమ్ముడు నూరుద్దీన్ దాన్ని పట్నం తీసుకుపోయి రిపేరు షాపులో ఇచ్చాడు. నిన్న ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేశాడు. చక్కెర పాకంలా అతుక్కుపోయిందట, మీటలన్నీ మార్చాలట. మీరు ఊరూరా తిరిగి ఎక్కించిన నీళ్ల లెక్కలు మాత్రం ఒక్కటీ పోలేదు. కాస్త ఊపిరి తీసుకోండి. మంచినీళ్లు తాగండి. ఆ తరువాతే కిందిది చదవండి.

చాయ్ ఒలకబోసింది నేను కాదు. అత్తమ్మ.

నందికొండ గదికి తాళం సరిగా పడదని దాన్ని ఇంట్లో పెట్టి వెళ్లారు కదా. రోజూ పొద్దున అత్తమ్మ చాయ్ పట్టుకుని దాని పక్కనే కూర్చునేది. కొంగుతో దుమ్ము తుడిచేది. మూత తెరిచి, "నా కొడుకు చేతులు పెట్టే జాగా" అని మురిసిపోయేది. ఛార్జింగ్ పెట్టమన్నారని ఆ పొద్దున నేనే ప్లగ్గు పెట్టాను. ఆమె చేతిలో సాసర్ జారింది. తుడిచేసి, మూత వేసి, ఎవరికీ చెప్పకుండా పోయి మంచం మీద పడుకుంది.

కాసేపటికి చీమలు పట్టాయి. ఒకటే బారు! ఎటు పోతున్నాయా అని చూస్తే, ఆ బారు కంప్యూటర్ దగ్గర మొదలై అత్తమ్మ మంచం కోడు ఎక్కి, ఆమె కొంగు దాకా పోయింది. కొంగంతా చాయ్ మరక. నన్ను చూసి ఆమె కుడిచెయ్యి దిండు కింద దాచుకుంది.

"చేతికేమైంది అత్తమ్మా?"

"ఏం కాలే బిడ్డా. జర వణుకుతాంది. రంజాన్ నెల నుంచి గిట్లనే ఉన్నది. వానికి రాయకు. ఇన్నడంటే నౌకరి ఇడిచిపెట్టి ఉరికొస్తడు."

నా చెయ్యి పట్టుకుని తన నెత్తి మీద పెట్టుకుని ఒట్టు వేయించుకుంది. నా చేతి మీద ఆ చెయ్యి ఎంతగా వణికిందో ఎట్లా రాయను? నాకు ఏడుపొచ్చింది. అందుకే నేనే ఒలకబోశానని మీకు రాశాను. మీ తిట్లు నాకేమన్నా కొత్తా?

కానీ మీ ఉత్తరం మన అమీనా చేతికి చిక్కింది. కొత్తగా చదవడం వచ్చింది కదా, నేను వద్దనేలోపే వాకిట్లో నిలబడి గట్టిగా చదివేసింది: "నీ చేతులకేం రోగమొచ్చింది?" నన్నన్న మాట పోయి అత్తమ్మకు తగిలింది. ఆమె చేతిలోని సాసర్ కింద పెట్టేసింది. అప్పటినుంచి చాయ్ ముట్టడం లేదు. అన్నం కూడా మేం అవతలికి పోయాకే తింటోంది.

అందుకే ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. దీనికి జవాబు రాయకండి, అమీనా చదివేస్తుంది. మీరే రండి. నన్ను తిట్టడానికి వచ్చినట్టే రండి. గుమ్మంలోనే నాలుగు తిట్టండి, నోరు మూసుకుని పడతాను. తరువాత ఆమెను మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోదాం. మీరు వచ్చిన పొద్దున చాయ్ నేను పెడతాను. సాసర్ ఆమె చేతికే ఇస్తాను. కింద మీ చెయ్యి పట్టండి.

ఇట్లు,
మీ తిట్ల కోసం ఎదురుచూస్తున్న
అమీనా అమ్మీ,
తాహేరా.