నూనె పూసిన పెట్టె

ఉదయగిరి, శుక్రవారం రాత్రి

మా ప్రార్థన మందిరంలోని పాత చిన్న కంప్యూటరు నాలుగు రోజులుగా లేవడం లేదు. ఎర్ర లైటు వెలుగుతుంది, దానికి తగిలించిన టీవీ మాత్రం నల్లగానే ఉంటుంది. చదువు రాని గొర్రెల కాపరుల కోసం ఏడాదంతా నేను చదివి రికార్డు చేసిన బైబిలు వాక్యం దాని మెమరీ ముక్కలోనే ఉంది. ఇంకెక్కడా లేదు.

పొద్దున ఆత్మకూరు తీసుకెళ్తే మెకానిక్కు పెదవి విరిచాడు. "ముక్క చచ్చిపోయిండాది అయ్యగారూ. తుడిచేసి కొత్తగా ఎక్కిస్తా. లోపలుండేదంతా పోతాది."

"వాక్యాన్ని తుడిచేదానికి నువ్వెవడివిరా, అవిశ్వాసీ?"

"చచ్చినోళ్లని లేపుతామంటారు గదా. దీన్నీ లేపుకోండి, పొండి."

ఆ మాట బస్సులో ఉదయగిరి దాకా నన్ను కాల్చింది. ఇంటికొచ్చి మోకరించాను. లేచి స్క్రూడ్రైవరు పట్టాను. పెట్టె విప్పి, ఆ ముక్క బదులు వేరే మెమరీ కార్డు పెడితే లోపలి బోర్డు లేచింది. అంటే బోర్డు బాగానే ఉంది, ఆ ముక్కే దానికి అందడం లేదు. ముక్కను ఊడదీస్తే అడుగున పళ్లలో జిడ్డు, దుమ్ము. కంప్యూటరును మందిరానికి ప్రతిష్ఠించిన నాడు, మూత బిగించక ముందే ఆ పెట్టెకు అభిషేకమని నూనె పూసింది నేనే.

స్పిరిట్‌తో తుడిచి, గట్టిగా నొక్కి, ఆన్ చేశాను. టీవీలో నా గొంతు పలికింది.

"ఆ మెకానిక్కును తిట్టొచ్చినారు. వాక్యాన్ని చంపబోయింది మీ చెయ్యే గదా" అంది మా ఆవిడ.

అవును. ఆదివారం అందరి ముందూ చెప్తాను. మెకానిక్కుకు ఎలా చెప్పాలో మాత్రం తోచడం లేదు...

నూనె పూయడం మాత్రం మానను. ముందు రెండో కాపీ తీస్తాను. ఈసారి మూత బిగించాకే పూస్తాను.