పరీక్ష గేటు దగ్గరికి రావద్దు

అక్కా, నువ్వు అడవిలోకి వెళ్లిపోయాక నీకు ఉత్తరం అందే దారి లేదు. అయినా రాస్తున్నాను.

పదో తరగతి పరీక్షలు దగ్గరికొచ్చాయి. నిన్న పొద్దున అరుగు మీద కూర్చుని, నువ్వు నేర్పినట్టే యాక్టివ్ వాయిస్ వాక్యాలను పాసివ్‌లోకి మారుస్తుంటే, మఫ్టీలో ఇద్దరు పోలీసులొచ్చారు. పెద్దాయన నా గ్రామర్ పుస్తకం తీసుకుని తిరగేశాడు.

"ఇంగ్లీషు ఎవరు నేర్పిండ్రు బిడ్డా?"

"మా అక్క, సార్."

"సెంటర్ యాడ పడ్డది?"

"మణుగూరు, సార్."

"నిన్ను సూడనీకి మీ అక్క వస్తదా?"

రాదన్నాను. ఆయన నవ్వి, పుస్తకం నా ఒళ్లో పెట్టాడు. "మేమైతే వస్తం," అన్నాడు.

ఇంగ్లీషు పరీక్ష రోజు గేటు దగ్గర నిలబడతానని వెళ్లేముందు నువ్వు నాకు మాటిచ్చావు. వాళ్లు పోయాక ఆ సంగతి అమ్మకు చెప్పాను. అమ్మ పొయ్యిలో కట్టె ఎగదోసింది.

"ఈ ఏడు పరీక్ష రాయకు బిడ్డా," అన్నది.

నేను రాయడం లేదని నీకెలా తెలుస్తుంది? నేను వెళ్లకపోయినా నువ్వొస్తావు. అందుకే వెళ్తాను. నువ్వు కనిపిస్తే, వాళ్లు కాపు కాస్తున్నారని నీకర్థమయ్యేలా, ఎవరో తెలియనట్టు తల తిప్పుకుని లోపలికి పోతాను. నా మీద కోపం తెచ్చుకోకు.