వెనక మీనా లేని హారం

నవంబరు 4, 2019

మళ్ళీ ఖాళీ బస్సు. నయా రాయపూర్ దాకా నేనూ కండక్టరే. మా మ్యూజియం నగల గ్యాలరీలో మిగతా వాటన్నిటికీ పుట్టుపూర్వోత్తరాలు దొరికాయి. పాత సంస్థానం రాణీసాహెబ్ ఇచ్చిన పచ్చల హారం ఒక్కటే మొండికేసింది. పెళ్లిలో ఆవిడకి అత్తగారు పెట్టారట. అంతకుముందు ఎవరిది? ఏ కాగితంలోనూ లేదు. మా క్యూరేటర్ సార్ మాత్రం బోర్డు రాయించేశారు — "నాలుగు తరాల రాణుల హారం". నగల చరిత్ర చూసేది నేనే కాబట్టి కింద నా సంతకం కావాలట. వచ్చే సోమవారంలోగా.

నవంబరు 5

కుదురుగా కూర్చోలేకపోతున్నా. నాలుగు టీలు.

నవంబరు 6

అమ్మ వంకాయలు తరుగుతూ నా ఫోన్లో హారం ఫొటో చూసింది. రైల్వే కాలనీ గుళ్ళో దసరాకి అమ్మవారి అలంకారం ఏటా ఆవిడదే. కత్తిపీట మీంచి చెయ్యి తియ్యకుండానే —

"మనుషులేసుకునేది కాదే ఇది. అమ్మవారిది."

ఎలా తెలుసన్నా.

"మెడకైతే రెండు చివర్లా కడితే చాలదేటి? దీనికి అంచంతా చిల్లులే. చీరకి కుట్టి నిలబెట్టడానికి. ఎమ్మేలు చదివారు, ఇదే కనబడలేదు."

తగిలింది. గట్టిగానే.

నవంబరు 7

లెన్సు పెట్టి చూశా. మిగతా వాటికి వెనక కూడా మీనాపని, రంగురంగుల ఎనామిల్; ఒంటికి తగిలే వైపు కదా. దీని వెనక బోసి. ఆ వెనకవైపే ఒక పచ్చ సందులో నారింజ రంగు పొడి... బందన్. ఇక్కడ దేవతలకి పూసే సింధూరం. సార్‌కి చూపిస్తే, రాణులు మాత్రం బొట్టు పెట్టుకోరా అని నవ్వేశారు. బొట్టు నగ వెనక్కెలా పోతుంది? పైకి అనలేదు.

నవంబరు 9

రాణీసాహెబ్ ఇల్లు. మీ కోటలో దేవి ఉండేదా అని మాత్రం అడగగలిగా. ఇప్పటికీ ఉందట. ఆవిడ కాపురానికి వచ్చిన ఏడు నుంచి దేవికి పూలే తప్ప నగ లేదట. ఎందుకని అడిగితే అత్తగారు కసిరారట.

కప్పు కింద పెట్టింది.

"వెనక చూశావా బేటా?"

తలూపా.

"పెళ్లినాడు అది నా మెళ్ళో నిలవలేదు. రవికకి కుట్టేశారు."

తర్వాత — నా పిల్లలిద్దరూ ఏడాది నిండకుండానే... అని ఆగిపోయింది. దేవి శాపం లాంటిదేం ఉండదన్నా. నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది.

హారం కొలత కాగితం మీద గీసుకు రమ్మంది. దేవి మీద పరిచి చూస్తుందట.

నవంబరు 10

సార్ ఫోను మూడుసార్లు. ఎత్తలేదు. బటర్ పేపర్ మీద ఒక్కో చిల్లూ గుర్తు పెట్టా. రేపు పొద్దున ఏడింటికి రాణీసాహెబ్ కారు వస్తుంది.

"సరిపోకూడదని మొక్కుకో బేటా" అంది నిన్న గుమ్మం దాకా వచ్చి. సరేనన్నా.

నాకేమో సరిపోవాలనే ఉంది.