నీలం తెర, తమ్ముడి చెయ్యి

మే 19, 2003. సోమవారం

మళ్లీ ఆగిపోయింది. మధ్యాహ్నం రెండున్నర. ఆటలో కారు వంతెన ఎక్కుతోంది — ఉన్నట్టుండి తెరంతా నీలం, దాని మీద తెల్ల అక్షరాలు. ప్రభాకర్ వేళ్లు మీటల మీదే ఉండిపోయాయి. నా వైపు చూశాడు, తప్పు చేసినవాడిలా. నలభై ఆరేళ్ల మనిషి, నా తమ్ముడు.

కోపం వచ్చింది. ప్రార్థన చేసుకున్నాను. సగమే తగ్గింది.

మే 20

తెర మీది అక్షరాలు నోటు పుస్తకంలోకి ఎక్కించాను. డిస్‌ప్లే డ్రైవర్ అన్న మాట ఒక్కటి అర్థమైంది. కంప్యూటర్ అమ్మిన వాసుకి ఫోను చేసి చదివి వినిపించాను.

"గ్రాఫిక్స్ కార్డుకీ, విండోస్‌కీ మధ్య పని నడిపే ప్రోగ్రామండి అది. బొమ్మలు ఎక్కువైనప్పుడు పడిపోతోందండి."

పడిపోతే లేపాల్సింది ఎవరు మరి. అమ్మిన మనిషి కాదా.

మే 21

జనవరిలో తమ్ముడికి పక్షవాతం. మాట దక్కింది, నడక దక్కింది. కుడి చెయ్యి మాత్రం కొయ్యలా ఉండిపోయింది. ఫిజియో ఇచ్చిన రబ్బరు బంతిని కిటికీలోంచి పారేశాడు. "ఆయనకి సరదాగా ఉండే పని ఏదైనా చేయించండి టీచరుగారూ" అన్నాడు ఆ ఫిజియో. ఆఫీసుకి కంప్యూటర్లు వస్తాయని తమ్ముడు ముందే ముచ్చటపడి కొనుక్కున్న ఈ కంప్యూటర్ మూలన ఉంది. అందులో కార్ల ఆట. నాలుగు బాణం మీటలు. మొదటి వారం ఒక్క మీట నొక్కగలిగాడు. ఇప్పుడు నాలుగూ నొక్కుతున్నాడు.

జూన్ 16న కాకినాడలో డాక్టర్ల బోర్డు. వాళ్ల ఎదుట పెన్ను పట్టుకుని రాయాలి. రాస్తే గుమస్తా కుర్చీలో మళ్లీ కూర్చుంటాడు. రాయలేకపోతే ఇంటికి పంపేస్తారు.

యానాం నుంచి చెల్లెలు మణి ఫోను. "ఈ వయసులో కార్లాటేంటక్కా, నువ్వైనా చెప్పవా వాడికి." నువ్వు వచ్చి వాడి వేళ్లు ఆడించు, ఆట మాన్పిస్తానన్నాను. పెట్టేసింది.

మే 22

వాసు వచ్చాడు. కంప్యూటర్ పెట్టెకి నేను అల్లిన లేసు కవరు తీసి, మడత పెట్టి మంచం మీద పెట్టాడు. అంతవరకు మర్యాద ఉంది. నరసాపురంలో అమ్మ దగ్గర నేర్చుకున్న అల్లిక అది. టీవీకి, రేడియోకి అల్లాను, దీనికీ అల్లాను. రోడ్డు దుమ్ము దూరకుండా లోపల మందపాటి గుడ్డ వేశాను. బటన్ల దగ్గర, సీడీ పెట్టే దగ్గర కంతలు వదిలి, జాకెట్టు కుట్టినట్టు కొలిచి కుట్టాను. ఒకసారి తొడిగితే తీయాల్సిన పనే లేదు.

వాసు పాత డ్రైవర్ తీసేసి, సీడీలోంచి కొత్తది వేశాడు. గంటసేపు ఆడించి చూపించాడు. ఎక్కడా ఆగలేదు.

అతను వెళ్లాడు. కవరు తొడిగి, తమ్ముణ్ణి కూర్చోబెట్టాను. ఇరవై నిమిషాలు. నీలం.

మనిషిని చూసి పనిచేసే యంత్రం ఎక్కడైనా ఉంటుందా.

మే 23

పొద్దున ఆరింటికి బాగానే ఆడింది. పదకొండింటికి ఆగింది. ఉడుకు... కాకులు కూడా కిటికీ మీద వాలడం లేదు.

మే 24

వాసు ఫోనులో చెప్పడం, నేను చెయ్యడం. ఆన్ చేస్తూ ఎఫ్-ఎనిమిది నొక్కితే సేఫ్ మోడ్ అట, అత్యవసరమైనవే పనిచేస్తాయట. తెర మీద అక్షరాలు గుమ్మడికాయలంత అయ్యాయి. డ్రైవర్ తీసెయ్యి. ఆపి మళ్లీ వెయ్యి. పాత డ్రైవర్ ఎక్కించు. రంగులు తగ్గించు. ఆటలో చెట్ల నీడలు తీసెయ్యి. తొమ్మిది మెట్లు వరస నంబర్లతో రాసుకున్నాను, నాలుగో తరగతి పిల్లలకి రాయించినట్టు.

ప్రభాకర్ భార్య విమల పక్కనే నిలబడి చూసింది. "వదినగారూ, బడి తెరిచాక మీ హెడ్‌మాస్టరుగారు మిమ్మల్ని వదలరు. కంప్యూటర్ టీచరుగారని బోర్డు పెట్టేస్తారు."

నలభై నిమిషాలు ఆడింది. తర్వాత నల్లగా అయిపోయింది. నీలం కూడా రాలేదు ఈసారి.

విమల నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

మే 26

పెట్టెను ఆటోలో షాపుకి చేర్చాం. విమల ఒళ్లో పెట్టుకుంది. కవరు మాసిపోతుందని ఇంట్లోనే ఉంచాను.

మే 28

తెచ్చుకోవడానికి ముగ్గురం వెళ్లాం. తమ్ముడు చేతికర్రతో షాపు గుమ్మంలో నిలబడ్డాడు. మెట్లు ఎక్కలేదు.

"నాలుగు గంటలు ఆపకుండా ఆడించామండి. చుక్క తేడా లేదండి."

మా ఇంట్లో ఇరవై నిమిషాలు ఆడనిది ఇతని దగ్గర నాలుగు గంటలు ఆడుతుందట. అదెలా అన్నాను.

వాసు గొంతు తగ్గించాడు. తగ్గించానని అనుకున్నాడు. "ఏమీ అనుకోకండి టీచరుగారూ. సారు చెయ్యి ఒకే మీట మీద బిగుసుకుపోతుంది కదండి. అలా నొక్కి ఉంచేస్తే ఏ డ్రైవరూ తట్టుకోదండి."

తమ్ముడు విన్నాడు. మొహం రోడ్డు వైపు తిప్పుకున్నాడు.

నేను అరవలేదు. అరవడం నాకు రాదు. షాపులో నలుగురు ఉన్నారు, వాళ్లకి వినబడేలా చెప్పాను. పాత సామానుకి రంగు పూసి అమ్మావు. పైగా జబ్బు మనిషి మీద తోస్తున్నావు. మా చర్చి సంఘంలో ఒక్కరు కూడా నీ షాపు మెట్టెక్కరు.

వాసు తల వంచుకుని వైర్లు చుట్టాడు. నాకు చల్లగా అనిపించింది. ఆ చల్లదనం మంచిది కాదని అప్పుడే తెలుసు.

మే 29

తెచ్చి బిగించాం. కవరు తొడిగాను. తమ్ముడు కూర్చున్నాడు. అరగంట — నీలం.

ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని, మీటల మీంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఎవరిదో వస్తువు తీసి పక్కన పెట్టినట్టు.

"నా చెయ్యేలే అక్కా. అతను చెప్పింది నిజమే."

మే 30

కంప్యూటర్ దగ్గరికి రాలేదు. ఫిజియోనీ వెనక్కి పంపేశాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. బోర్డుకి పదిహేడు రోజులు.

సాయంత్రం స్త్రీల సమాజం. ప్రార్థన అయ్యాక వాసు సంగతి చెప్పాను. అన్నీ చెప్పాను. ఇద్దరు అతనికి ఇచ్చిన ఆర్డర్లు మానుకుంటామన్నారు. మంచిదన్నాను.

ఒక్క మాటతో మనిషిని మంచాన పడేస్తారు. ఆ మాటకి వాళ్లకేమీ కాదు. ప్రభువా, ఇదెక్కడి న్యాయం.

మే 31. శనివారం

రేపు నెల మొదటి ఆదివారం. గుడిలో ప్రభు భోజనపు బల్ల మీద వేసే లేసు గుడ్డ ఉతకడం నా వంతు. ఎలాగూ గంజి కాస్తున్నానని టీవీ కవరు, కంప్యూటర్ కవరు కూడా ఉతికి ఆరేశాను.

ఒంటిగంటకి నేనే ఆటలో కూర్చున్నాను. ఎవరి చెయ్యి పెట్టినా ఆగుతుందని తమ్ముడికి చూపించాలని. నాకు ఆట రాదు. కారుని చెట్టుకి కొట్టాను, గోడకి కొట్టాను, కాలవలో దింపాను. ఆగాలి, ఆగాలి అనుకుంటూ ఆడాను. రోహిణి కార్తె ఎండ, ఫ్యాను గాలి కూడా సెగలా ఉంది. రెండు. మూడు. నాలుగు. ఆగలేదు.

ఆరిన కవరు ఇస్త్రీ చేసి తొడిగాను. మళ్లీ కూర్చున్నాను. నాలుగూ ఇరవైకి నీలం.

లేచి పెట్టె వెనక్కి వెళ్లి, కవరు లోపలికి చెయ్యి పెట్టాను.

ఇడ్లీపాత్ర మూత తీసినట్టుంది. వెనకనున్న చిన్న ఫ్యాను లోపలి వేడిని బయటికి నెడుతోంది. నా మందపాటి గుడ్డ దాన్ని లోపలికే తోస్తోంది. వాసు వచ్చినప్పుడు కవరు మంచం మీద ఉంది. షాపుకి వెళ్లినప్పుడు ఇంట్లో ఉంది.

బటన్లకి కంతలు వదిలాను. ఊపిరికి వదల్లేదు.

జూన్ 1. ఆదివారం

బల్ల దగ్గరికి లేవలేదు. ఒకరి మీద అబద్ధం మోపి ఆ రొట్టె అందుకోలేను. ముప్పై ఏళ్లలో ఇదే మొదటిసారి. పాస్టరు అయ్యగారు నా బెంచీ వైపు రెండుసార్లు చూశారు.

జూన్ 2

తమ్ముడికి చెప్పాను. నీ చెయ్యి కాదు, నేను కుట్టిన కవరు.

నవ్వాడు. వారం తర్వాత నవ్వు... అదీ ఇలాంటి నవ్వు.

"లాంతరు గ్లాసు నేను పగలగొడితే నువ్వే పగలగొట్టానన్నావు. బళ్లో సిరా నేను ఒలికిస్తే నీ చెయ్యి తగిలిందన్నావు. నాన్న చేతి దెబ్బలు కూడా నువ్వే తిన్నావు. ఇంకా ఎన్నేళ్లు చెప్తావక్కా ఇలా."

కవరు తీసి గంట ఆడి చూపించాను.

"నువ్వు ఆడితే ఎందుకు ఆగుతుందిలే."

నిజం చెప్తే నమ్మడు. చిన్నప్పుడు వాడి కోసం చెప్పినవన్నీ ఈరోజు నా నోరు నొక్కేశాయి. ఇప్పుడు కోపం ఎవరి మీద పెట్టుకోను.

జూన్ 3

వాసు షాపు. నలుగురిలో అన్నాను కనుక నలుగురు వచ్చేదాకా ఆగాను. తప్పు నా కవరుది, నీ సామాను మంచిదే, నేను అన్న మాట అన్యాయం — చెప్పేశాను.

"అయ్యో, పర్లేదండి. చాలామందికి తెలీదండి."

నిలబడ్డాను. ఇంకేమైనా అంటాడేమోనని. అనలేదు.

మరి నువ్వన్న మాట? అని నేనే అడిగాను.

"ఏ మాటండి?"

కపటం లేదు ఆ మొహంలో. నిజంగానే గుర్తు లేదు. నా తమ్ముడి చెయ్యి ఒళ్లో పడేసిన మాట అతని మనసులో ఒక రోజు కూడా నిలవలేదు. క్షమాపణ అడగడానికి వెళ్లి ఒళ్లు మండి నిలబడ్డాను.

గుర్తు చేశాను. అతను చేతిలో స్క్రూడ్రైవరు అటూ ఇటూ తిప్పాడు.

ఇంటికి వచ్చి ఆయనకి నువ్వే చెప్పు. నేను చెప్తే నమ్మడు, అన్నాను.

"చెప్తే నమ్మరండి. చూపించాలండి" అన్నాడు.

జూన్ 5

వాసు వచ్చాడు. తమ్ముడు మంచం దిగనన్నాడు. విమల బతిమాలి లేపింది.

"సారూ, మీరు చేతులు కట్టుకుని కూర్చోండి. టీచరుగారూ, మీరూ కట్టుకోండి. అమ్మా, మీరు కూడా."

కవరు తనే తొడిగాడు. ఎవరూ మీట నొక్కకపోతే ఆటలో కారు దానంతటదే తిరుగుతుందట, చూపించడానికి. అలా వదిలేశాడు. తనూ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నలుగురం. ఖాళీ కారు తిరుగుతోంది. విమల మజ్జిగ తెస్తానని లేచింది, "కూర్చోండమ్మా, తర్వాత తాగుదాం" అని ఆపాడు.

ఇరవై ఆరో నిమిషం. నీలం. తెల్ల అక్షరాలు. అవే.

"ఇక్కడ ఎవరి చెయ్యీ లేదు కదండి సారూ. ఆరోజు తెలీకుండా మాట తూలానండి. నాది తప్పండి."

తమ్ముడు తెర వైపే చూస్తున్నాడు. తర్వాత కవరు నేనే తీస్తానన్నాడు. కుడి చేత్తో. వేలు కంతలో దూర్చి, లాగి, జారి, మళ్లీ పట్టుకుని... పావుగంట పట్టింది. ఎవరమూ సాయం వెళ్లలేదు.

"ముందే చెప్పొచ్చు కదక్కా."

చెప్పాను కదా అన్నాను.

"నువ్వు చెప్పడం లెక్క కాదు."

జూన్ 6

రెండు గంటలు ఆడాడు. మీట వదలడం ఇంకా కష్టంగానే ఉంది. వారం రోజులు పోయాయి. ఆ వారం తప్పు నాది.

జూన్ 8. ఆదివారం

సమాజంలో లేచి చెప్పాను — వాసు తప్పేమీ లేదు, నాదే. "మీలాంటివారే అలా అంటే ఎలాగండి" అంది ఒకావిడ. ఆ ఇద్దరిలో ఒకరు ఆర్డరు మళ్లీ ఇస్తామన్నారు. రెండోవారు విజయవాడ నుంచి తెప్పించేసుకున్నారట. అది ఇక వెనక్కి రాదు.

జూన్ 11

మణి వచ్చింది. తమ్ముడి వెనకాల కుర్చీ వేసుకుని "అటు కాదురా, కుడికి, కుడికి" అని అరుస్తోంది. ఈ వయసులో కార్లాటేంటని నేను అడగలేదు.

జూన్ 14

కాగితం మీద పేరు రాయమన్నాను. ప్రభా వరకు నిలబడింది. కర్ దగ్గర పెన్ను జారి కిందికి పోయింది. పది కాగితాలు రాశాడు. పదింటిలో రెండు నయం.

జూన్ 16. కాకినాడ, వరండా బెంచీ మీద

బస్సు సామర్లకోట దాటాక వాన. తమ్ముడు దారంతా మోకాలి మీద వేళ్లు ఆడిస్తూనే ఉన్నాడు. ఎడమ, కుడి, ముందుకి, వెనక్కి.

పేరు పిలిచే ముందు బంట్రోతు ఒకడు ఫారం తెచ్చాడు. "ఆయన వల్ల కాదు కదమ్మా, ఆయన సంతకం మీరే పెట్టేయండి. లోపల ఎవరూ చూడరు." మంచి చేస్తున్నాననే అనుకుంటున్నాడు. ఒక్క క్షణం... నా చెయ్యి పెన్ను కోసం సంచీలోకి వెళ్లింది. ఎన్నిసార్లు చేసిన పని అది, వాడి బదులు.

ఫారం తిరిగి ఇచ్చేశాను. ఆయనే పెడతాడు అన్నాను. గొంతు పెరిగినట్టుంది, పక్క బెంచీ వాళ్లు తిరిగి చూశారు. పెరగనీ.

తమ్ముడు ఫారం తన కుడి చేత్తో అందుకున్నాడు. నలిగింది. అలాగే పట్టుకుని లోపలికి వెళ్లాడు. నన్ను రానివ్వలేదు, వాళ్లూ రానివ్వలేదు, వాడూ రమ్మనలేదు.

నలభై నిమిషాలు. ప్రార్థనకి కళ్లు మూసుకుంటే మాటలు రావడం లేదు. లోపల ఎవరో నవ్వారు. ఎవరు నవ్వారు, ఎందుకు. కుర్చీ జరిగిన చప్పుడు.

తలుపు ఇంకా తీయలేదు.