రోడ్డుకు అడ్డంగా పట్టిన తాడు

జూన్ 3, 1986
కాలేజీకి సెలవులు. కోయ గూడెంలోనే ఉన్నా, ముత్తమ్మ వాళ్ల అరుగు మీద. విత్తనాల పండుగ. వంజిరు సంబరం చూడాలి! కెన్యా నుంచి పీహెచ్‌డీ పని మీద ఏడాదికని వచ్చిన పిల్ల. ముత్తమ్మ ఇంట్లో ఉండి ఉండి ముత్తమ్మ లాగే మాట్లాడుతోంది. “అవ్ సార్, విత్తనం చూసిన. ఇగ కొత్తల పండుగ చూస్తే నా పుస్తకం ఒడుస్తది.” ఆ పండుగ అయ్యేదాకా ఇక్కడ కొత్త గింజ ఎవరూ నోట పెట్టరు. విత్తు నుంచి ఆ ముద్ద దాకా — అదే ఆమె పరిశోధన. వానాకాలమంతా ఉండాలి. విదేశీయులు ఏజెన్సీలో ఉండాలంటే పోలీసు అనుమతి కావాలి. అడవికి ఎన్ని తాళాలు!

జూన్ 4
మగవాళ్లు వేటకు పోయారు. ఆడవాళ్లు పినపాక రోడ్డుకు అడ్డంగా తాడు పట్టారు. ఏటా పండుగకు ఇంతే — బండి ఆగాలి, పాట వినాలి, చేతిలో ఏదన్నా పెట్టి పోవాలి. కలప లారీ ఆగింది. అడవిని మోసుకుపోయే లారీ! తర్వాత పోలీసు జీపు. తాడు ఒక కొస వంజిరు చేతిలో. ముత్తమ్మ ఆఫీసరు ముందు చేయి చాపింది — “ఏం సారూ, గంత పెద్ద టోపీ పెట్టినవ్, జేబుల ఏం లేదా?” ఇచ్చాడు. నవ్వాడు కూడా.
నా ఒళ్లు పులకరించింది. ఇది ఉట్టి పండుగేనా? ఎవడు చెప్పాడు?

సాయంత్రం వేట వాళ్లు ఒక్క కుందేలుతో వచ్చారు. వేట చాలలేదని ఆడవాళ్లు వాళ్ల మీద పేడనీళ్లు కుమ్మరించారు, అదీ ఆచారమే. నా చొక్కాకూ పడ్డాయి. “నువ్వేం తెచ్చినవ్ సారూ?”

జూన్ 9. ఇల్లందు
పత్రికలో నా వ్యాసం అచ్చయింది. ‘సర్కారు జీపును ఆపిన తాడు’. రాత్రంతా కూర్చుని రాసినందుకు ఫలితం — ఒక్క అక్షరం కోయలేదు. “ఆఫ్రికా చెయ్యి, కోయ చెయ్యి ఒకే తాడు మీద” — మంచి వాక్యం.

జూన్ 13
ఆ వాక్యమే పట్టుకున్నారు.
ఠాణాకు రమ్మన్నారు. విదేశీయురాలు రాస్తా రోకోలో పాల్గొందట. పండుగ కదయ్యా అంటే ఎస్సై పత్రిక తిప్పి నా ముందు పెట్టాడు — “మేమెక్కడ అన్నం సార్? మీరే రాసిండ్రు.” పదిహేడో తేదీలోగా నేను ఖమ్మం వెళ్లి పెద్దాఫీసరుకు రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకోవాలి. లేదంటే ఆమె జిల్లా దాటాలి.
ఇంట్లో సుశీల: “మన పెండ్లయిన కాన్నుంచి రాస్తున్నవ్. నిన్ను శ్రద్ధగా చదివింది ఇద్దరే. నేనూ, ఎస్సై.”


జూన్ 15. గూడెం
వంజిరు అరుస్తుందనుకున్నా. అరవలేదు. “సార్, రాసేముందు నన్ను అడగలే” — అంతే. మళ్లీ వడ్లు చెరుగుతూ కూర్చుంది.
ముత్తమ్మ ఊరుకుంటుందా! “తాడు మాది, పాట మాది. లడాయి నీదెట్లయింది సారూ?”
నేనూ ఊరుకోలేదు. పోడు భూములు అటవీశాఖ గుంజుకోవడం లడాయి కాదా? ఫారెస్టు గార్డు మీ గొడ్డలి లాక్కుపోయింది మొన్ననే కదా? దాన్ని దీన్ని వేరు చేసి చూడటం నా వల్ల కాదు —
“లడాయి చేసేనాడు చేస్తం. ఆనాడు పాట పాడం. నీకు తెలుస్తది.”
 ఆమెకు చెప్పలేనిది ఇక్కడ రాసుకుంటున్నా.
అచ్చయిన మాట వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు. పోనీ తీసుకుంటే? ‘లెక్చరరు సాబే ఒప్పుకున్నడు, గూడేలు ఆటపాటలతో చల్లగున్నయి’ — రేపు ప్రతి పోడు కేసులో అదే చదువుతారు. తీసుకోకపోతే ఈ పిల్ల సగం పనితో విమానం ఎక్కుతుంది. నా వాక్యం వల్ల.

జూన్ 16
వాన. ఏమీ రాయలేదు.

జూన్ 17. ఖమ్మం
పోలీసు ఆఫీసు బయట బల్ల మీద.
పొద్దున వంజిరు, నేను బస్సులో వస్తుంటే ఇంకో గూడెం దగ్గర తాడు. వాళ్ల పండుగ ఇవాళ. బస్సు ఆగింది. కొత్త కండక్టరు, కరీంనగర్ వైపు వాడట. “ఏంది సారూ, రాస్తా రోకోనా?” బస్సంతా నా మొహం చూస్తున్నట్టే ఉంది.
“పండుగయ్యా” అన్నా. కిటికీ లోంచి చిల్లర ఇచ్చా.
వంజిరు దిగలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని పాట వింది. పెదాలు కదులుతున్నాయి. పాటంతా వచ్చు ఆమెకు.

లోపల, ఆనాడు జీపులో నవ్విన ఆఫీసరే. ఈ రోజూ నవ్వాడు. ‘అది విత్తనాల పండుగ ఆచారం, రాస్తా రోకో కాదు, అలా రాసింది నేను’ — రాసిచ్చాను.  చదివి కాగితం నా వైపే జరిపాడు. “బాగుంది సార్. కింద ఇంకొక్క ముక్క. అడవిల ఏ గొడవా లేదు, జనం సంతోషంగున్నరు అని. అమ్మాయి పర్మిషను మీద ఇప్పుడే సంతకం పెడ్త.”
ఇదే. ఇదే వస్తుందని తెలుసు నాకు.

కాగితం పట్టుకుని బయటికి వచ్చాను. వంజిరు జరిగి చోటిచ్చింది. “ఏం రాయమన్నడు సార్?”
ఈసారి చెప్పాను. పొల్లు పోకుండా. నువ్వు రాయమంటే రాస్తా అన్నాను — అన్నాను, నిజంగానే.

“నన్నడిగితే ఎట్ల సార్? ముత్తమ్మను అడగాలె.”

ఆఫీసు అయిదింటికి మూస్తారు. గడువు ఇవాళే. గూడేనికి బస్సు రేపు పొద్దున.